38 వాయిదాలు, ఒకటే మాట: ‘ఉండా సార్’

నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ల కాగితం మీద ఏడు పేజీలు. మూడో పేజీ దాకా నీలం సిరా, ఆ తర్వాత నలుపు. ఒక్క పూటలో రాసింది కాదని చూస్తేనే తెలుస్తోంది. ఊరు, కోర్టు, మనుషుల పేర్లు తీసేసి విషయం వరకు చెబుతాను.

రాసినాయనకు 46 ఏళ్లు. సోమశిల నీళ్లు పారే పిల్లకాలువ కింద అన్నదమ్ములిద్దరికీ కలిపి ఐదెకరాల మాగాణి. 2019 డిసెంబరులో ఒక రాత్రి నీళ్ల వంతు దగ్గర పక్క చేను రైతుతో మాటామాటా పెరిగింది. 34449 రకం వరి నాటి వారమైనా కాలేదు, మడవ తెంచి నీళ్లు తిప్పుకున్నారని వీళ్ల కోపం. వంతు తమదేనని వాళ్ల వాదన. ఇరువైపులా దెబ్బలు తగిలాయి. పక్క చేను రైతు ఆ రాత్రే తలకు నాలుగు కుట్లు వేయించుకుని స్టేషనుకు పోయాడు. వీళ్లు తెల్లారి పోయారు. ఇద్దరి ఫిర్యాదులూ కట్టారు గానీ, కొన్ని నెలలకు వీళ్లదాన్ని ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ (విషయం పొరపాటు) అని మూసేశారు. వాళ్లదాంట్లో ఐపీసీ 324 (ఆయుధంతో గాయపరచడం), 506 (బెదిరింపు), తోడుగా 34 పెట్టి ఛార్జిషీటు వేశారు. “అన్న ఏ1, నేను ఏ2, అన్న కొడుకు ఏ3. ఆరేండ్లుగా మా పేర్లు ఇయ్యే సార్” అని రాశారు.

ఆ తర్వాత ఉత్తరమంతా కోర్టు గురించే. “పొద్దున పదింటికల్లా పోయి చెట్టు కింద నిలబడతాము. పిలిస్తే బోనెక్కి ‘ఉండా సార్’ అంటాము. తేదీ చెప్తారు, దిగుతాము. మా ఆవిడ కేలండర్లో సున్నాలు చుట్టి పెట్టింది, 38 అయినాయి. ఈ 38లో నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.” ఫిర్యాది సాక్ష్యం చెప్పిన రోజు, ముగ్గురూ పారలతో కొట్టారని ఆయన అంటుంటే ఈయన చెయ్యెత్తి “సార్, ఆ పిల్లోడు...” అనబోయారట. “గమ్మునుండు, మీ లాయరు మాట్లాడతాడు” అని జవాబు. లాయరు మాట్లాడారు, పది నిమిషాలు. సగం ఇంగ్లీషు. ఏమడిగారో ఈ రోజుకీ ఈయనకు తెలియదు.

2021 నవంబరు వరదకు పొలంలో ఇసుక మేట వేసింది. ఆ తిప్పలో ఒక వాయిదా మరిచారు. నాన్ బెయిలబుల్ వారెంటు పుట్టింది. అమ్మాయిని చూడటానికి పెళ్లివాళ్లొచ్చిన రోజే కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చాడు. వారెంటు రద్దు చేయించుకోవడానికి కోర్టుకు పోతే, “ఎందుకు రాలేదని ఒక్కరన్నా అడుగుతారనుకున్నా. అడగలేదు. జరిమానా కట్టమన్నారు.”

పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే ఈయన పెద్దబావ సంగతి కూడా రాశారు. బండి తగిలి ఒక ముసలాయన కాలు విరిగిన కేసులో బావకు శిక్ష పడింది, జరిమానా కట్టాడు. అయినా “ఆ జడ్జమ్మ మంచిది, న్యాయం చేసింది” అంటాడట. ముసలాయన్ను ఆసుపత్రికి ఎవరు తీసుకుపోయారని ఆమె బావను నేరుగా అడిగి, చెప్పిందంతా రాయించిందట. “ఓడిపోయినోడు న్యాయం అంటుండాడు. ఇంకా తేలని నేను అన్యాయం అంటుండా. నాకేమన్నా పిచ్చా సార్?”

ఇప్పుడు లాయరు ముగ్గురినీ ‘అడ్మిట్’ అయిపొమ్మంటున్నారు. ఒప్పుకుంటే జరిమానాతో ఒక్క రోజులో పోతుంది, లేకుంటే డాక్టరు, బదిలీ అయిన ఎస్సై వచ్చి సాక్ష్యం చెప్పేదాకా ఇంకెన్నేళ్లో అంటున్నారు. అన్న సరేనంటున్నాడు. అన్న కొడుకు కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్నాడు. భార్య మొన్న రొట్టెల పండుగకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో కేసు పోవాలని రొట్టె పట్టుకుంది. అవతలివాళ్లు జడ్జిని ‘చూసుకున్నారేమో’ అని ఈయన అనుమానం. చివర్లో రెండు ప్రశ్నలు: “ఒప్పుకోమంటారా? ఇదేనా న్యాయమంటే?”

*

మీకు పిచ్చి లేదు. బావ మాట, మీ మాట రెండూ నిజమే.

ముందుగా ఒకటి చెప్పుకోవాలి, నేను వకీలును కాను. ముప్పై ఏళ్లకు పైగా మన జిల్లా కోర్టుల్లో పని చేసి, అందులో ఎక్కువ భాగం బెంచి గుమాస్తాగా జడ్జి గారి కింద బల్ల దగ్గర కూర్చుని రిటైరైన మనిషిని. మీలాంటి వాళ్ల పేర్లు పిలిపించిందీ, తేదీలు చెప్పిందీ నేనే. కాబట్టి మీ ఉత్తరం నాకు కొంచెం గుచ్చుకుంది.

మా అమ్మాయి లా కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె బల్ల మీది కాగితాలు చదవడం రిటైరయ్యాక నాకు అలవాటైంది. మీ బావ చెప్పిన సంగతినే అమెరికావాళ్లు యాభై ఏళ్లుగా తవ్వుతున్నారు. 1984లో టామ్ టైలర్ అనే ఆయన షికాగోలో 1,575 మందిని పోలీసులతో, కోర్టులతో తమకు ఎదురైన అనుభవాల గురించి అడిగించాడు. గెలిచామా ఓడామా అన్నదానికంటే, మన మాట విన్నారా, మర్యాదగా చూశారా, పక్షపాతం లేకుండా నడిపారా, మన మంచిచెడ్డలు పట్టించుకున్నారా అన్నవే జనం మనసులో న్యాయాన్ని తూచే రాళ్లని తేలింది. బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ అనే పేటలో 2000లో ఒక చిన్న కోర్టు పెట్టారు. అక్కడి ముద్దాయిలను, మామూలు కోర్టు ముద్దాయిలను పక్కపక్కన పెట్టి అడిగితే, జడ్జి తమతో ఎలా మాట్లాడారన్నదే అన్నిటికంటే ఎక్కువ తూగింది. మీ బావ షికాగో పోకుండానే అదే మాట చెప్పాడు.

అయితే ఈ చదువును నేను పూర్తిగా మింగలేను. తియ్యగా మాట్లాడి తప్పు తీర్పు ఇచ్చినా మనిషి దండం పెట్టి ఇంటికి పోతాడన్న భయం కూడా అందులోనే ఉంది. మర్యాద చేశారు కదా అని తీర్పు సరైనదైపోదు. మొరటుగా నడిపారు కదా అని తప్పుదీ కాదు. మీ విషయంలో ఈ రెండూ ముడిపడిపోయాయి. ముడి విప్పకుండా ‘అడ్మిట్’ గురించి ఆలోచిస్తే మీ చేత అవమానమే సంతకం పెట్టిస్తుంది.

వినకపోతే పోయేది మర్యాద ఒక్కటే అని నేనూ చాలాకాలం అనుకున్నా. ఒకసారి పాత వారెంటు మీద ఒకాయన్ను కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. బోనెక్కగానే “నేను కాదయ్యా, నేను కాదు” అన్నాడు. ఆ మాట రోజుకు పదిమంది అంటారు. నేనే “గమ్మునుండవయ్యా” అని కసిరాను. సాయంత్రం జామీను కాగితాలు రాసేటప్పుడు తండ్రి పేరు చూస్తే వేరు. అదే ఊరు, అదే పేరు, అదే ఇంటిపేరు, వేరే మనిషి. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఆయన నిజమే చెబుతూ నిలబడ్డాడు. ఆ రోజు నన్నెవరూ తిట్టలేదు. ఆయన కూడా తిట్టలేదు, పైగా నమస్కారం పెట్టి పోయాడు.

ఇది ఎందుకు చెప్పానంటే, మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని బాధతో రాశారు గానీ దాని బరువు మీకు తెలిసినట్టు లేదు. “ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండే పిల్లోడు, కేకలు విని విడిపించడానికి పరిగెత్తుకొచ్చినోడు, వాణ్ణి కూడా రాసేశారు.” అదే పేజీలో ఛార్జిషీటులో వాడి వయసు 19 అని ఉందని రాశారు. మన పల్లెల్లో ఇంటర్ రెండో ఏడు చదివే పిల్లాడికి డిసెంబరులో 19 ఏళ్లుంటాయా? ఎక్కడో ఒకరికి ఉండొచ్చు. మామూలుగా 17.

పదో తరగతి సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పుట్టిన తేదీ చూడండి. గొడవ జరిగిన రోజుకు వాడికి 18 నిండకపోతే ఈ కేసులో మీ పక్కన వాణ్ణి నిలబెట్టకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పెద్దవాళ్లతో కలిపి పిల్లల్ని విచారించరాదు. వాడి సంగతి బాలల న్యాయ మండలి చూడాలి. ఈ అభ్యంతరాన్ని ఏ దశలోనైనా, కేసు ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చు. వయసుకు ముందుగా చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ జనన ధ్రువీకరణ, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాలను ఆ చట్టం చిన్న నేరాలంటుంది. 324 అందులోకి వస్తుంది. అలాంటి విచారణ మండలి ముందు నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియాలి, ముగియకపోతే రద్దవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మండలి ముందు తేలిన విషయం వల్ల ఉద్యోగాలకు అనర్హత అంటదని చట్టంలోనే ఉంది.

ఆరేళ్లలో ఆ పిల్లాణ్ణి ‘నీ వయసెంత’ అని అడిగిన మనిషి లేడు. స్టేషన్లో అడగలేదు, మీ లాయరు అడగలేదు, నాలాంటి గుమాస్తా ఒకడు అక్కడ కూడా ఉంటాడు, వాడూ అడగలేదు. మీరు చెయ్యెత్తి “ఆ పిల్లోడు...” అన్న రోజు ఆ మాట పూర్తి కానిచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

కాబట్టి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే: వయసు తేలేదాకా వాడి చేత దేన్నీ ఒప్పించవద్దు. అన్న తొందరపడినా సరే.

ఇక మీ ఇద్దరి సంగతి. కేసు 2019ది కాబట్టి 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాలతో మీకు పనిలేదు, పాత ఐపీసీ, సీఆర్‌పీసీ (విచారణ పద్ధతి చట్టం)లతోనే నడుస్తుంది. ఒప్పుకుంటే ఒక్క రోజులో పోతుందన్న లాయరు మాట చాలాసార్లు నిజమే అవుతుంది. నా కళ్ల ముందే వందల కేసులు అలా పోయాయి. అమెరికాలో న్యూ హేవెన్ కింది కోర్టును దగ్గరుండి చూసిన మాల్కం ఫీలీ 1979లో రాసింది కూడా ఇదే: చిన్న కేసుల్లో అసలు శిక్ష తీర్పులో ఉండదు, తిరుగుడులో ఉంటుంది, అందుకే జనం వదిలించుకోవడానికి ఒప్పుకుంటారు. మీ 38 సున్నాల కేలండర్ చూస్తే ఆయన సంతోషించేవాడు. కానీ ఒప్పుకోవడమంటే కేసు ‘పోవడం’ కాదు, శిక్ష పడటం. జరిమానాతో సరిపెడతారన్నది లాయరు అంచనా, జడ్జి ఇచ్చిన మాట కాదు. 324కు మూడేళ్ల దాకా వేయొచ్చు. అంత వేస్తారని నేననను. మొదటిసారి తప్పు చేసినవాళ్లను 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడి బాండు రాయించుకుని వదిలిపెట్టమని అడిగే వీలుంది, లాయరు చేత అడిగించండి. ఒప్పుకున్నాక అప్పీలులో ‘నేను కొట్టలేదు’ అనడానికి వీలుండదు, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో మాత్రమే అనొచ్చు.

ఇక్కడ మీ ఉత్తరంలో మీరు కొట్టేసి మళ్లీ పైన రాసిన వాక్యం సంగతి మాట్లాడాలి. “అన్న పార కామ తిప్పిన మాట నిజమే.” కొట్టేసినా కనబడుతోంది. దాన్ని దాచకుండా పంపినందుకు మీ మీద గౌరవం పెరిగింది. ఆ నాలుగు కుట్లు ఊరికే పడలేదన్నమాట. అవతలి రైతు కూడా ఆరేళ్లుగా అదే చెట్టు కింద నిలబడుతున్నాడు, తన తలకాయకు న్యాయం ఏదని ఆయన కూడా ఎక్కడో ఉత్తరం రాస్తూ ఉండొచ్చు. ఫిర్యాది బెంచి మీద కూర్చుంటాడు, మేము నిలబడతాము అని మీరు రాశారు. కూర్చున్నంత మాత్రాన ఆయన్ను ఎవరైనా విన్నారనుకోవద్దు.

ఆ వాక్యం వల్ల ఇంకో చిక్కు ఉంది. సెక్షన్ 34 అంటే ముగ్గురిదీ ఒకే ఉద్దేశమని. కొట్టింది ఒకరైనా ముగ్గురూ కొట్టినట్టే. మీరు కొట్టలేదు, మీకే భుజం మీద కర్ర దెబ్బ తగిలిందంటున్నారు. అంటే మీ వాదన, అన్న వాదన ఒకటి కాదు. ముగ్గురికీ ఒకే లాయరు ఉన్నప్పుడు ఆయన మీ తరఫున గట్టిగా లాగితే తాడు అన్న మెడకు బిగుస్తుంది. అందుకే బహుశా ఆయనకు అందరినీ కలిపి ఒప్పించడమే తేలిక దారిగా కనబడింది. ఇందులో ఆయన దుర్మార్గమేమీ నాకు కనబడలేదు. కానీ ఇది మీరు తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. అన్న ఒక్కడూ ఒప్పుకుంటే ఆయన సంగతి అక్కడ తేల్చి, మీ విచారణ నడుపుతారు. అది ఇంట్లో ఎట్లా ఉంటుందో మీకే తెలుసు. వేరే వకాల్తా పెట్టుకుంటే పండక్కి ఒకరింటికి ఒకరు పోకుండా పోతారేమో కూడా చూసుకోండి. ఈ లెక్క చట్టంలో ఉండదు.

రాజీ గురించి మీరు అడగలేదు గానీ అడిగి ఉండాల్సింది. 324లో రాజీని కింది కోర్టు నేరుగా రాసుకునే వీలు 2009 చివరి నుంచి లేదు. ఇరువైపులా నిజంగా కలిస్తే, రాజీ కాగితంతో హైకోర్టుకు పోయి కేసు కొట్టేయమని అడగవచ్చు. ఇలాంటి కేసుల్లో హైకోర్టులకు ఆ అధికారం ఉందని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమరావతి దాకా పోవాలి, అక్కడి లాయరు ఫీజు వేరు. ఊళ్లో పెద్దమనుషులు చెప్పే అడ్డదారి ఇంకొకటుంది, సాక్షుల చేత ‘మాకేమీ తెలియదు’ అనిపించడం. కోర్టులో దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నేను మాత్రం ఆ దారి చూపించను. అది ప్రమాణం చేసి అబద్ధం చెప్పించడం. పైగా మీ ఇంట్లో పోలీసు ఉద్యోగం కోరుకునే పిల్లాడున్నాడు. రాజీ వల్లో సాక్షులు తిరగబడటం వల్లో విడుదలైనవాళ్లను పోలీసు శాఖ తీసుకోకపోవచ్చని 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. వాడు ఏ దరఖాస్తు నింపినా కేసు సంగతి దాచకూడదు. వయసు విషయం తేలితే ఎలా రాయాలో వేరుగా సలహా తీసుకోవాలి. దాచి దొరికితే, కేసు కంటే దాచడమే పెద్ద తప్పవుతుంది.

మీ ఫిర్యాదు మూసేయడం మీద మీ కోపం న్యాయమైనదే. మూసేసినప్పుడు నోటీసు ఇస్తారు, దాని మీద కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేసే దారి అప్పుడుండేది. వేలిముద్రో సంతకమో పెట్టించుకున్న కాగితం అదేనేమో గుర్తు తెచ్చుకోండి. ఇలాంటి నేరాలకు మూడేళ్ల కాలపరిమితి, అది దాటింది. ఆ తలుపు తోసి లాభం లేదు. కానీ మీ ఎఫ్ఐఆర్, మీ భుజం గాయానికి ఆసుపత్రి ఇచ్చిన కాగితం వాటి బరువు అవి మోస్తాయి. ఎస్సై సాక్ష్యానికి వచ్చిన రోజు, ఇవతలివాళ్లకూ గాయాలున్నాయి కదా, ఎట్లా తగిలాయి అని మీ లాయరు అడగాలి. ముద్దాయిల గాయాల గురించి ప్రాసిక్యూషన్ నోరు మెదపకపోతే దాని కథను అనుమానించవచ్చని 1976లోనే లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న గీతలకు అది పనిచేయదు, మీ గాయం ఎంతటిదో కాగితం చూస్తే గానీ తెలియదు. ఆ కాగితం మీ లాయరు ఫైలులో ఉందా? నా అనుమానం, లేదు.

పోరాడితే ఇంకా మిగిలింది డాక్టరు, ఎస్సై, ఆ తర్వాత సీఆర్‌పీసీ సెక్షన్ 313. ఈ నెంబరు గుర్తు పెట్టుకోండి, 38 వాయిదాలుగా మీరు ఎదురుచూస్తున్న రోజు అదే. సాక్షులంతా అయ్యాక జడ్జి గారు లాయరును పక్కన పెట్టి మిమ్మల్నే అడుగుతారు: ఈ సాక్షి ఇట్లా చెప్పాడు, నువ్వేమంటావు? ప్రమాణం ఉండదు, జవాబు చెప్పకపోయినా అబద్ధం చెప్పినా దానికి శిక్ష ఉండదు. కానీ చెప్పినదాన్ని తీర్పులో లెక్కలోకి తీసుకోవచ్చు. నా సర్వీసులో నూటికి తొంభై మంది ఆ రోజు ‘అబద్ధం’, ‘తెలియదు’ అన్న రెండు ముక్కలతో దిగిపోయారు. ఏళ్ల తరబడి గమ్మునుండమని నేర్పాక, మాట్లాడమన్న పూట గొంతు పెగలదు. నోటితో చెప్పలేకపోతే రాసి ఇచ్చే వీలు కూడా 2009 చివరి నుంచి ఉంది. ఒక్క పేజీ, మీ మాటల్లో: ఆ రాత్రి మీరు ఎక్కడున్నారు, ఏం చేశారు, మీకు దెబ్బ ఎక్కడ తగిలింది. అన్న ఏం చేశాడో మీ నోటితో చెప్పాల్సిన పని లేదు, అబద్ధం రాయాల్సిన పనీ లేదు. ఇవ్వబోయే ముందు లాయరుకు చూపించండి, ఎందుకంటే నిజం కూడా కొన్నిసార్లు తప్పు చోట తెగుతుంది. ఆ తర్వాత మీ తరఫు సాక్షిని పెట్టుకోవచ్చు. ఆ రాత్రి మడవ దగ్గరకు లాంతరు తెచ్చిన, నీళ్లు పారించే నీరుగట్టు మనిషి గురించి రాశారు కదా, ఆయన వస్తాడా?

సాక్ష్యం జరిగేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదన్నది మాత్రం సరైన పద్ధతే. మిమ్మల్ని ఆపడంలో తప్పు లేదు, ఆపిన తీరులో ఉంది. చొక్కా జేబులో చిన్న కాగితం, పెన్ను పెట్టుకోండి. సాక్షి తప్పు చెప్పగానే రెండు ముక్కలు రాసి లాయరుకు అందించండి. దాన్ని ఎవరూ కాదనరు. ఇంగ్లీషు సంగతికి వస్తే, మీకు అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే అర్థమయ్యే భాషలో చెప్పించాలని చట్టం (279). మన కోర్టుల్లో సాక్షి తెలుగులోనే చెబుతాడు, రాసుకోవడం దగ్గర ఇంగ్లీషవుతుంది. ఇప్పటికే అయిన సాక్ష్యాల నకళ్లకు కాపీ అర్జీ పెట్టి తీసుకుని, తెలిసినవాళ్ల చేత తెలుగులో చదివించుకోండి. ఏం జరిగిందో తెలియకుండా అన్యాయం జరిగిందనడం మీకే అన్యాయం. రాలేని రోజు ముందుగా ఫోను చేసి, ఆ రోజుకు హాజరు మినహాయించమని 317 పిటిషన్ వేయించండి, జడ్జి గారు ఒప్పుకుంటే వారెంటు రాదు. వాయిదా తేదీ ఈకోర్ట్స్ యాప్‌లో మీ పిల్లాడే చూసి పెడతాడు. నిలబడలేకపోతే కూర్చుంటానని అడగవచ్చు. అడిగినవాళ్లకు కాదన్న జడ్జిని నేను చూడలేదు, అసలు అడిగినవాళ్లే తక్కువ.

జడ్జిని ‘చూసుకున్నారేమో’ అన్న మాట ఇక అనొద్దు నాయనా. ఈ కేసులో ముగ్గురు జడ్జీలు మారారని మీరే రాశారు. ముగ్గురినీ చూసుకునేంత డబ్బు పక్క చేను రైతుకు ఉంటే నీళ్ల వంతు కోసం అర్ధరాత్రి పార పట్టుకుని ఎందుకొస్తాడు? నిజంగా ఆధారముంటే కేసును వేరే కోర్టుకు మార్చమని సెషన్స్ కోర్టులో అడగవచ్చు. మీ ఉత్తరంలో ఆధారం లేదు, ఎవరూ మొహం చూసి మాట్లాడకపోవడం ఉంది. పొద్దున పిలుపుల్లో యాభై అరవై కేసులుంటాయి, జడ్జి గారి కళ్లు కాగితం మీద నుంచి లేవవు. చెప్పని చోట అనుమానం మొలుస్తుంది, దానికి వాళ్ల తప్పూ ఉంది.

లాయరును మార్చాలా అంటే, ముందు ఒక అరగంట అడగండి. కోర్టు వరండాలో కాదు, ఆయన ఆఫీసులో, సాయంత్రం పూట. పదో తరగతి సర్టిఫికెట్, గాయం కాగితం, మీ ఎఫ్ఐఆర్ ముందు పెట్టి, పిల్లాడి వయసు పిటిషన్ ఎప్పుడు వేస్తారని అడగండి. ఆయన మొహం చూస్తే మీకే తెలుస్తుంది. కుదరకపోతే ఆయన దగ్గర కన్సెంట్ వకాల్తా (వేరే లాయరుకు కేసు ఇవ్వడానికి ఒప్పుకునే కాగితం) తీసుకుని వేరేవాళ్లకు ఇవ్వండి. ఫీజు భారమైతే నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేదు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ‘ఉచిత లాయరు ఏం చేస్తాడులే’ అని మీ అన్న అంటాడు. 1970ల మొదట్లో అమెరికాలో జొనాథన్ కాస్పర్ అనే ఆయన ఒక ముద్దాయిని నీకు లాయరున్నాడా అని అడిగితే, లేడు, ప్రభుత్వ లాయరున్నాడు అన్నాడట. ఆ నవ్వులాట అక్కడా ఉంది. అయినా నేను చూసిన ఉచిత లాయర్లలో రాత్రిళ్లు కూర్చుని ఫైలు చదివినవాళ్లున్నారు, ఫీజు తీసుకున్నవాళ్లలో వాయిదా రోజు పొద్దున ఫైలు తెరిచినవాళ్లూ ఉన్నారు.

చివరికి మీ ఒక్కరి సంగతే అయితే, నేను మీ స్థానంలో ఉంటే 313 దాకా ఆగేవాణ్ణి. కానీ నేను కోత కూలీలకు డబ్బులు వెతుక్కునే మనిషిని కాను, పెన్షను వస్తుంది. మీరు అలసిపోయి ఒప్పుకుంటే తప్పు పట్టను. ఒప్పుకునే ముందు జడ్జి గారు ‘ఎవరి బలవంతం లేకుండా ఒప్పుకుంటున్నావా’ అని అడుగుతారు. అప్పుడు అవునని ఇంట్లో గోడకు చెప్పుకుని చూడండి, గొంతులో ఏమైనా అడ్డం పడుతుందేమో.

సర్టిఫికెట్ దొరక్కపోతే పిల్లాడు పదో తరగతి చదివిన బడికి పోయి అడ్మిషన్ రిజిస్టరు నకలు అడగండి. వచ్చే వాయిదా ఎప్పుడో మీరు రాయలేదు. ఆ లోపే పోండి.